తోమిన రాళ్లు

కోడలు పుట్టింటినుంచి తిరిగొచ్చేసరికి, ఆమె ఉప్పునీళ్ల చేపతొట్టిలో రాళ్లన్నీ పెద్దాయన తళతళలాడేలా తోమిపెట్టాడు. అందులో ఉన్న ఒక్క చేపకి డొక్కలు లోపలికి పీక్కుపోయాయి.

"పాచి పట్టిందని తోమానమ్మా. సంతోషిస్తావనుకున్నా."

"దాని పళ్లు దువ్వెన పళ్లలాంటివి మామయ్యా. ఆ పాచి గీక్కునే అది బతికేది."

"మేత గుళికలు గుప్పెళ్లకొద్దీ వేశాగా."

"వాటి మొహం కూడా చూడదు."

"పోనీ, చేపల కొట్టువాణ్ణి పాచిపట్టిన రాయి అడుగు."

"ఇందాకే ఫోన్ చేసి అడిగా. లేదన్నాడు."

"నా చేతులు పడిపోనూ. మళ్లీ పాచి రాదా?"

"లైటు వేసి ఉంచితే వస్తుంది. మెల్లిగా."

"అందాకా ఆగుతుందా ఇది?"

కోడలు తొట్టి లైటు వేసింది. చేప నున్నటి రాయికి మూతి ఆనించి గీకింది. ఏమీ దొరక్క పక్క రాయి దగ్గరికి పోయింది.

"అక్కడా లేదే తల్లీ," అన్నాడు పెద్దాయన, అద్దానికి నుదురు ఆనించి. "అదీ తోమేశా."