ఎర్ర సిరాతో రాసిన పేజీ

హలో… ఆ పిన్నీ, నేనే. మాట్లాడొచ్చా?…

వార్డులోనే ఉన్నా. దుప్పట్ల గదిలో తలుపేసుకుని నిలబడ్డాను… డ్యూటీ రెండింటికే అయిపోయింది, ఇంకా పంపించట్లేదు… తినలేదు. తిండి సంగతి తరవాత, ముందు నేను చెప్పేది విను.

నేను చెయ్యని తప్పు నేనే చేశానని రాసివ్వమంటోంది నీ స్నేహితురాలు… ఇంకెవరు, మా హెడ్ నర్సు. పావుగంట టైమిచ్చింది. తెల్లకాగితం చేతిలో పెట్టి మరీ పంపింది.

…అరవట్లేదు. కోపమొస్తే నా గొంతే ఇంత.

పొద్దున్న ఒక పెద్దాయన చేరాడు. టైలరు. కాలికి పుండు, జ్వరం. నువ్వు నేర్పినట్టే అడిగాను, మీకు పడని మందేమైనా ఉందా అని. ఆయన భార్య సంచిలోంచి పాత చీటీ తీసి చూపించింది. ఒక ఇంజెక్షన్ పడక ఇదివరకోసారి ప్రాణం మీదకొచ్చిందట. ఆ మందు పేరు కేస్ షీటు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాశాను. కింద రెండు గీతలు కూడా కొట్టాను.

మంచాయన, పిన్నీ. నా యూనిఫాం భుజం దగ్గర జారిపోతోందట, కాలు తగ్గాక సరిచేసిస్తానన్నాడు. ఈ మూడు వారాల్లో నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది ఆయనొక్కడే. మిగతా అందరికీ నేను కొత్తపిల్లని. కొత్తపిల్లా సెలైన్ మార్చు, కొత్తపిల్లా పక్క దులుపు, కొత్తపిల్లా అడ్డం లే…

ఆ, అక్కడికే వస్తున్నా. పదకొండింటికి డాక్టరొచ్చి సరిగ్గా అదే ఇంజెక్షన్ రాసి వెళ్ళాడు. మొదటి పేజీ తిప్పి చూస్తేగా. నేను వెళ్ళి సీనియర్ సిస్టర్‌కి చెప్పాను. నిన్నగాక మొన్న వచ్చి డాక్టరు రాతకే వంకలు పెడతావా అంది. నేను వెయ్యనన్నాను. 'అయితే తప్పుకో' అని సిరంజి నా చేతిలోంచి లాక్కుంది.

…వేసింది పిన్నీ. నా కళ్ళముందే వేసింది.

రెండు నిమిషాలు పట్టలేదు. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి, ఊపిరాడక మంచం ఊచ పట్టుకుని లేవబోయాడు. పరిగెత్తి డాక్టర్ని పిలిచింది నేను. ఆక్సిజన్ పెట్టింది నేను. ఆవిడ అలాగే కొయ్యబొమ్మలా నిలబడిపోయింది.

…బతికాడు. డాక్టరు విరుగుడు ఇచ్చాడు. ఇప్పుడు లేచి కూర్చున్నాడు. భార్య ఆయన చెయ్యి వదలట్లేదు.

అసలు సంగతి విను. కేస్ షీటులో నా పేజీ లేదు. దాని బదులు కొత్త పేజీ ఉంది, సీనియర్ చేతిరాతతో. పడని మందులేవీ లేవని. రోగిని అడగడం నేనే మర్చిపోయానని రాసి సంతకం పెట్టాలట.

…ఏంటి?

…పెట్టెయ్యమంటున్నావా?

…ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు, తెలుసు. నోరు లేస్తే పొమ్మంటారు, అదీ తెలుసు… ఆధారమెందుకు లేదు, ఆ చీటీ ఉందిగా. జాగ్రత్తగా పెట్టుకోండి, ఎవరడిగినా ఇవ్వకండి అని ఆయన భార్యకి చెప్పే ఇక్కడికొచ్చాను.

…ఆగు. ఏమన్నావిప్పుడు? 'ఆరో మంచం ఆయనకి ఏమీ కాలేదుగా' అన్నావు.

ఆరో మంచమని నేను చెప్పానా?

…

చెప్పలేదు పిన్నీ. ఒక్కసారి కూడా చెప్పలేదు.

హెడ్ నర్సు ఫోన్ చేసిందా నీకు… ఎప్పుడు?… ఒంటిగంటకి. అంటే ముందు నీతో మాట్లాడుకుని, ఆ తరవాత నన్ను పిలిచి కాగితమిచ్చింది. నువ్వు నచ్చజెప్తానన్నావు.

…నా మంచికే. అవును, ఇవాళ అందరూ నా మంచే చూస్తున్నారు.

అమ్మ వద్దంటే అమ్మతో పోట్లాడి నన్ను నర్సింగులో చేర్పించింది నువ్వు. దిండు మీద సూది గుచ్చించి చెయ్యి వణక్కుండా చేసింది నువ్వు. ధైర్యం చెప్తావని నీకు ఫోన్ చేస్తే…

పిన్నీ? ఉన్నావా?

…ఏమన్నావు?… గట్టిగా చెప్పు.

…నువ్వు కూడా ఇలాగే రాసిచ్చావా? ఎవరి కోసం?… ఈ హెడ్ నర్సు కోసమా. ఆవిడ చేసిన తప్పుకి నువ్వు సంతకం పెట్టావా.

మరి ఆ రోగి?

…

అయ్యో. పోయాడా.

…అంటే మోకాళ్ళ నొప్పులని ఉద్యోగం మానేశావని మాకు చెప్పింది… అబద్ధమా. ఇన్నేళ్ళూ మేం నీ మోకాళ్ళకి నూనె రాస్తూ కూర్చున్నాం.

అది గుండెల్లో పెట్టుకుని, మళ్ళీ అలాంటి కాగితమే నాచేత రాయించాలని ఎలా అనిపించింది నీకు?

…ఏడవకు. నువ్వు ఏడిస్తే నా కోపం దిగిపోతుంది. నాకిప్పుడు అది కావాలి.

…రాశాను. నీకు ఫోన్ చెయ్యకముందే రాశాను, ఇస్త్రీ దుప్పట్ల మీద పెట్టుకుని. పడని మందు సంగతి ఎక్కడ రాశానో, ఎవరికి చెప్పానో, ఆ సీనియర్ ఏమందో, అన్నీ… ఇంకోటి కూడా. ఆవిడ సిరంజి లాక్కుంటే నేను అడ్డం నిలబడలేదు. పక్కకి జరిగాను. అది నా తప్పే. దానికి సంతకం పెట్టాను.

…తీసేస్తే తియ్యనీ. ఇంకో ఆసుపత్రి చూసుకుంటాను.

తలుపు కొడుతున్నారు… హెడ్ నర్సే… వస్తున్నాను మేడమ్, గడియ తీస్తున్నా.

లేదు పిన్నీ, ఫోన్ పెట్టెయ్యకు. లైన్లో ఉండు. నీ మాట కూడా వినపడేలా స్పీకర్లో పెడుతున్నా.

రండి మేడమ్. రాసేశాను… ఫోన్లోనా? మా పిన్ని. మీరు ఒంటిగంటకి మాట్లాడారుగా. ఇదిగో, ఫోన్ ఈ బల్ల మీద పెడుతున్నాను.

నేను చదువుతాను. ఇద్దరూ వినండి.