దారం కొలత

జనగామ స్టేషను వెనకున్న కొలిమిలో, టాంగావాలా కళ్ళెం తెచ్చి కమ్మరి ముందు పడేశాడు.

"మూడోది గూడ గంతే అన్నా. గుర్రం నోరంత పుండయింది. పగ్గం పడితే తల ఎగరేస్తంది. సవారీలు ఎక్కుతలేరు."

"నోటి కొలత అని నువ్విచ్చిన దారానికే కొట్టిన భాయ్."

"అయితే తప్పు నాదా?"

కమ్మరికి ఒళ్లు మండింది. సుత్తి పక్కన పెట్టి, బయటికి వెళ్ళి, గుర్రం నోటికి ఆ దారాన్ని తనే పట్టి చూశాడు. బొటనవేలంత తక్కువ వచ్చింది.

"గిది దీని కొలత కాదు. ఏ గుర్రానిది?"

టాంగావాలా గుర్రం మెడ నిమిరాడు.

"నిరుడు సచ్చిపోయినదానిది అన్నా. ఇంకో దారం కొలవ బుద్ధి కాలే."

"సచ్చినదాన్ని మరువలేక, బతికున్నదాని నోరు కోసినవ్ గద భాయ్."