పదిహేను రోజులని చెప్పిన

హలో… ఆ, నేనే. కృష్ణకుమారినే, సుబేదారన్నా…

పొద్దుగాల చేసింది నేనే. … లేదు, పొరపాటున కాదు. మీకే చేసిన.

… తెలుసు. ఆర్నెల్ల సంది మీరు చేస్తున్నరు, నేను ఎత్తుతలేను. … తిట్టుండ్రి. జర మెల్లగ తిట్టుండ్రి, పక్కన మనుషులున్నరు.

… ఇంట్ల కాదు. ఎల్బీనగర్ల, దవాఖానల. రెండో అంతస్తు, డాక్టరమ్మ రూము ముంగట బెంచీ మీద ఉన్న.

… బిడ్డకు కాదు. అమల బడికి పోయింది. … అత్తమ్మకు కూడ కాదు.

… నాకే.

గడ్డ… రొమ్ముల.



… ఏడుస్తలేను. కింద బస్సుల చప్పుడు.

… ఏందనేది ఇంకా తెల్వదు. సూదితోని ముక్క తీసి పరీక్షకు పంపాలంట. కింద కౌంటర్ల ఆయన మిలిటరీ కార్డు ఇచ్చిన. ఆ పిల్ల కంప్యూటర్ల చూసి, ఇది మీ సారు సర్వీసుల ఉన్నప్పటిది మేడం, ఇక్కడ నడవదు అన్నది. మీ సారు రిటైరయిన్రా అని అడిగింది.

… ఏమనలేదు. కార్డు తీసుకొని మళ్ళ పైకొచ్చి కూసున్న.

… ఆ, మీరిచ్చిన ఫారం ఇంట్లనే ఉంది. జవాను పోయినంక భార్యాపిల్లలకు ఇచ్చే వైద్యం కార్డుదే కదా… నింపిన. మార్చిలనే నింపిన.

… ఆయన నంబరు, యూనిటు, అమల పుట్టినరోజు, అన్నీ రాసిన. ఒక్క గడి తప్ప.

… ఏ గడి అంటే…

చనిపోయిన తేదీ.

… తేదీ తెల్వక కాదన్నా.

… నవ్వుండ్రి, పర్వాలేదు. పిల్లలకు నేనే చెప్త, ఏ ప్రశ్న వదిలిపెట్టొద్దు, తెలిసినంత రాయాలె అని. టీచరే ఖాళీ పెట్టింది.

… ఏమో. ఆర్మీవాళ్ళు రాసిన్రు, పేపరోళ్ళు రాసిన్రు. నా చేతితోని నేనింకా రాయలే.

… లేదన్నా, ప్రైవేటు బడి మాది. వైద్యం సౌకర్యాలేం లేవు. ఈ కార్డే దిక్కు.

… వింటున్న, చెప్పుండ్రి. … రేపు ఫారం ఇస్తే చీటీ ఇస్తరు. కార్డు వచ్చేదాక ఆ చీటీతో నడుస్తది… మీ మాజీ సైనికుల పాలీక్లినిక్ డాక్టరు రాసిస్తే ఇక్కడ చూస్తరు. … ఫోటోనా? … నా ఒక్కదానిదే. సరే. పోయేటప్పుడు దిల్‌సుఖ్‌నగర్ల దిగి తీయించుకుంట.

… మోకాళ్ళ నొప్పులు పెట్టుకొని మీరెందుకన్నా హయత్‌నగర్ నుంచి… … ఆర్డర్ వేస్తే ఎట్ల, నేను మీ జవాన్ని కాదు గదా. … సరే సార్. తొమ్మిదింటికి పాలీక్లినిక్ గేటు కాడ ఉంట.

… అంత పరేషాన్ కాకుండ్రి. డాక్టరమ్మ తొందరేం లేదన్నరు. మొన్న మొన్న వచ్చిందయితే పది రోజులు ఆగినా ఏం కాదు, కార్డు సంగతి చూసుకొని రా అన్నరు.

… మొన్ననే వచ్చిందని ఆమెకెట్ల తెలుస్తదంటే…

నేనే చెప్పిన. పదిహేను రోజులని.

… 

అన్నా, అట్ల గుచ్చి గుచ్చి అడగకుండ్రి.

… కాదు. పదిహేను రోజులు కాదు.

ఏడు నెలలు.

… అప్పుడు పెసరగింజంత ఉండె. ఇప్పుడు రేగుపండంత. … లేదు, పెరిగిందని ఆమెకు తెల్వదు. ఇప్పుడున్నదే చూసిన్రు.

… ఎందుకంటే ఏం చెప్పాలె. ఇన్ని రోజులు ఏం చేసినవమ్మా అని అడుగుతరని. హోంవర్కు చేయని పిల్లలు చెప్పినట్టే వచ్చింది నోట్లకెల్లి. తర్వాత మీ ఆయన రాలేదా అన్నరు. డ్యూటీల ఉన్నరని చెప్పిన.

… కోపానికొస్తే నేను పెట్టేస్త.

… లేదు, పెట్టను. మీరు కూడ పెట్టకుండ్రి.

భయమైతుందన్నా.

… మీరు ఆయనతోని రెండేండ్లు బార్డర్ల ఒక్క పోస్టు మీద ఉన్నరు గదా. ఆయనకు భయమయ్యేదా?

… నిజమా? … చేతులు వణికేవా? మంచుకు కాదా?

… నాకెన్నడు చెప్పలే. ఫోన్ల ఎప్పుడు చూసినా, ఇక్కడ మస్తుగుంది కుమారీ, చికెన్ పెడుతున్నరు అనేటోడు. … పప్పేనా? రోజూనా?

… నవ్వుతలేను. నవ్వు గాదు ఇది.

… దాచింది అమల కోసమే అన్నా. నాన్న ఇగ రాడని దానికి నేనే చెప్పిన. పక్కల కూసోబెట్టుకొని చెప్పిన. ఇంకోసారి అట్లాంటి మాట చెప్పాల్సి వస్తే… చెప్పేటందుకు నేనుండను గదా.

… డాక్టరమ్మకు ఇప్పుడే చెప్పాల్నా? … లోపల వేరే పేషెంటున్నది. … రేపు చీటీ తెచ్చుకున్నంక చెప్త. … మీకు చెప్పిన గదా.

… నిజమే. మీరు డాక్టరు కాదు.

… ఆ పేషెంటు బయటికొస్తున్నది. … తలుపు తెరిచే ఉంది.

అన్నా, నేను లేస్తున్న. ఫోన్ చేతిల్నే ఉంటది. కట్ చేయకుండ్రి. ఏం మాట్లాడకుండ్రి, ఊకె ఉండుండ్రి…

మేడం… ఒక్క నిమిషం. నేనే, ఇందాక చూపించుకున్న. … లేదు మేడం, ఫైలు మర్చిపోలే.

మీకు తప్పు చెప్పిన. … పదిహేను రోజులు కాదు. ఫిబ్రవరి నుంచి ఉన్నది. … ఆ, పెరిగింది. మొదట్ల పెసరగింజంత ఉండె.

… ఖాయంగ ఫిబ్రవరే మేడం. ఏ రోజో కూడ తెలుసు. ఆ రోజు నాకు తలకు నీళ్ళు పోసిన్రు. చీర సవరించుకుంటుంటే చేతికి తగిలింది. చుట్టూ అందరున్నరు, ఎవరితోని చెప్పాల్నో తెల్వలే.

… పండుగ కాదు మేడం. మా ఆయన పదకొండో దినం.

… 

ఆ. డ్యూటీల లేరు. చనిపోయిండు.

…

అన్నా… విన్నరా?

… కూసున్న. మేడం చేతులు కడుక్కుంటున్నరు, మళ్ళ చూస్తరంట. పది రోజులు ఆగొద్దు, ఎల్లుండే ముక్క తీస్త అంటున్నరు.

… నా చేతులు గూడ వణుకుతున్నయి. … ఆ, పెట్టేస్తున్న.