ఆరు జెండాల ఆర్డరు

ఆ కాగితం బల్ల మీద నుంచి తియ్, బాజీ బావా. కొలతలు తర్వాత చూద్దాం. మళ్ళీ ఆరు జెండాలా? మళ్ళీ శుక్రవారానికేనా? మళ్ళీ ఎవ్వరికీ చెప్పకూడదా?

నవ్వకు. మీ జోలా తెగ వాళ్ళకి మేం బానిసలం, మా సెరేర్ తెగ వాళ్ళకి మీరు బానిసలు. ఒకళ్ళనొకళ్ళు ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు, అడిగింది కాదనకూడదు. తాతల నాటి వేళాకోళం, ఒప్పుకుంటాను. ఇవాళ నేను తిట్టేది మాత్రం వేళాకోళం కాదు.

ఎంత విడ్డూరం చూడు! దేశం ఎవరితో చెయ్యి కలుపుతోందో రేడియో కంటే ముందు నాకు, ఈ జూఫ్ దర్జీకి, తెలుస్తుంది. పెద్దలు మాట్లాడుకుంటారు. విదేశాంగ శాఖ నుంచి నువ్వు జెండా బొమ్మ గీసుకొస్తావు. నేను గుడ్డ కత్తిరిస్తాను.

కిందటేడు నవంబరు, బుధవారం. నీ బొమ్మ చూడగానే తెలిసిపోయింది. ఆ కొత్త జెండా ఎగరాలంటే పద్దెనిమిదేళ్ళ పాత స్నేహితుల జెండా దిగాలి. ఆ రెండు దేశాలకీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు కదా! ఇటు చెయ్యి కలిపితే అటు తెంచుకోవాలి. ఇరవై లక్షల మందిమి, మనల్నెవరు అడుగుతారు అంటావు. సరే.

"ఇంట్లో కూడా అనకు బావా, నా మాట కాదనకూడదు నువ్వు" అన్నావు. మా అమ్మాయి యాండే ఆ పాత స్నేహితుల దేశంలోనే డాక్టరీ చదువుతోందని నీకు తెలీదూ? ఐదేళ్ళలో నాలుగేళ్ళ ఎనిమిది నెలలు అయిపోయాయి. తన చెల్లెలి బిడ్డకి పేరు పెడుతుంటే చూద్దామని పది రోజులకి వచ్చింది. సోమవారం తిరుగు విమానం.

శుక్రవారం సాయంత్రం రేడియో చెప్పింది. సోమవారం విమానాశ్రయంలో వీసా చెల్లదన్నారు. అక్కడ చదివే మన పిల్లలు మొత్తం ఇరవై ముగ్గురు. అక్కడే ఉన్న ఇరవై ఇద్దరినీ పరీక్షలు రాసి వెళ్ళమన్నారట, మర్యాదస్తులు! మిగిలిపోయింది ఒక్కతి.

వెనక గదిలో మిషను వినిపిస్తోందా? అది యాండేనే. మనుషుల్ని కుట్టాల్సిన చేతులు బడిపిల్లల నిక్కర్లు కుడుతున్నాయి.

ఇంతకీ ఈ బొమ్మ ఎవరిది? ఓహో... పాత స్నేహితులదేనా! పదమూడు నెలలకే అలకలు తీరిపోయాయా? మరి దాని చదువో?

ఏమన్నావ్? మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి చదవాలా? దానికి పాతికేళ్ళు నిండాయి, బావా.

కొత్తవి కుట్టక్కర్లేదులే. అప్పుడు దింపేసి, కాల్చెయ్యమని నువ్వు పడేసి వెళ్ళిన వాళ్ళ పాత జెండాలు ఆరూ పెట్టె అడుగునే ఉన్నాయి. ఇస్త్రీ చేసిస్తాను. ఎందుకు దాచానో అడక్కు.

అసలు కోపం నీ మీద కాదు. ఆ బుధవారం మధ్యాహ్నం అన్నం గిన్నె దగ్గర యాండే అడిగింది. "నాన్నా, రేపటి విమానంలో ఒక సీటుందట. పరీక్షలకి చదువుకోవాలి, వెళ్ళిపోనా?" అని.

వెళ్ళు అంటే చాలు. కారణం కూడా చెప్పక్కర్లేదు. "ఆదివారం మీ అమ్మ వేరుశనగలతో దొమొడా వండుతుందట, తిని వెళ్ళు" అన్నాను.

ఆచారం కాదు, బావా, మాట ఇచ్చాననీ కాదు. బయటికి పొక్కితే ఫిబ్రవరిలో స్వాతంత్ర్య దినం జెండాల పని ఇంకో దర్జీకి ఇస్తావేమోనని భయపడ్డాను. మూడు వందల చిన్న జెండాలు! వెళ్ళు అనే ఒక్క మాటలో ఏం పొక్కుతుంది చెప్పు? ఆ రోజు అంత ఆలోచన ఏదీ?

దానికి తెలీదు. తనతో పాటే నేనూ రేడియోలో విన్నాననుకుంటోంది. అందరికంటే ముందు "అయ్యో" అన్నది నేనే మరి.

మిషను ఆగింది. మన కోసం అట్టాయా టీ తెస్తోంది.

ఆ కాగితం జేబులో పెట్టు, బావా.