వెనక్కి నడిచే బండి

అందరికంటే ముందు బాబాయిగారు నన్ను మన్నించాలి. నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది, ఒత్తులు ఎక్కడ పడాలో అక్కడ పడవు, కొన్నిచోట్ల కిరోసిన్ మరక కూడా ఉంది. అయిదో తరగతి సగంలో ఆపేసిన దాన్ని, ఇంతకంటే బాగా రాయడం నా వల్ల కాలేదు. ఈ మాటలు రెండు కాగితాల మీద రాశాను. ఒకటి మా ఆయన అక్కగారు, అంటే మా వదిన, మీ అందరికీ పైకి చదువుతుంది. రెండోది బాబాయిగారి చేతిలో ఉంది, ఆయన కళ్లతో చదువుకుంటారు. ఆయనకి ఇప్పుడు చెవులు సరిగా లేవు కాబట్టి, ఆయన గురించి సభలో చెప్పేవన్నీ ఆయనకి తప్ప అందరికీ వినపడటం నాకు బాగా అనిపించలేదు. వదినా, నువ్వు నెమ్మదిగా చదువు, ఆయన నీతో పాటు రావాలి.

సభకు పెద్దగా కూర్చున్న గోదాము షావుకారు గారికి, ముందు వరసలో ఉన్న పెద్దలకి, బురదదారుల్లోంచీ ఇసుకదారుల్లోంచీ మన బండ్లు నడుపుకుంటూ వచ్చి ఈ హాలు మెట్ల దగ్గర చక్రాలు కడుక్కున్న స్నేహితులందరికీ, గోడవారగా నిలబడ్డ మా షెడ్డు వాళ్లకి నమస్కారం. ఈరోజు మన షెడ్డు పెద్దమేస్త్రి గారు పని మానుకుంటున్నారు. మీరంతా ఆయన్ని పెద్దమేస్త్రి అంటారు. నాకు చుట్టరికం ఏమీ లేకపోయినా పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో నోటికి వచ్చిన మాట బాబాయిగారూ అని, అదే ఉండిపోయింది.

షావుకారు గారు కోప్పడరంటే ఒక మాట. ఆయన గోదాములో నీళ్ల పంపుల కోసం కొన్న చిన్న ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లు, అందరూ కరెంటు మోటార్లకి మారిపోయాక, ఎవరికీ అక్కర్లేక వరసలు వరసలుగా టార్పాలిన్ల కింద పడి ఉండేవి. నేను మొదటిసారి చూసినప్పుడు దుప్పట్లు కప్పుకుని పడుకున్న మనుషులనుకుని కాళ్ల చప్పుడు కాకుండా నడిచాను. షావుకారు గారు వాటిని పాత ఇనుము కింద ఇచ్చేద్దామనుకుంటే బాబాయిగారు అడ్డం పడ్డారు. “పాపం, పుట్టినప్పటినుంచీ ఒకేచోట నిలబడి నీళ్లు తోడాయండీ, ఒక్కసారైనా నాలుగూళ్లు చూడనివ్వండి” అన్నారట. షావుకారు గారు “మీకు పిచ్చి ముదిరింది” అన్నారట, అని తాళం చేతికిచ్చారట. వదినా, ఇక్కడ నవ్వుతారు, ఆగు. నవ్వకపోతే నువ్వే నవ్వు.

అలా మొదలైన షెడ్డు ఇది. పాత గేరు పెట్టెలూ, పనికిరాని ట్రాలీల ఇరుసులూ తెచ్చి, గొట్టాలతో చట్రం కట్టి, దాని మీద నీళ్ల ఇంజన్ని కూర్చోబెట్టి, రోడ్డే లేనిచోట నడిచే బండి చేస్తారు. మా ఆయన అందులో వెల్డింగు చేస్తాడు. మేమున్న గది షెడ్డు వెనకే. ఈ కొత్తచోట మొదట్లో నాకు ఏమీ తోచేది కాదు, ఎవరితో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుంటే గోడ అవతల ఏదో ఒక ఇంజను ఖాళీగా తిరుగుతూ ఉండేది. ఆ చప్పుడు వింటూంటే కళ్లు తెరిచి ఉండగానే ఒక కలలాంటిది వచ్చేది. ఎవరో పక్కన కూర్చుని మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు, నేనూ ఆ ఊపిరితో పాటు ఏదో పచ్చటి ఎత్తుపల్లాల మీద నుంచి, అడుగు కింద పడకుండా పోతున్నట్టు ఉండేది.

ఒకరోజు ఆ ఊపిరి తప్పింది. మధ్యలో ఎక్కడో గుటక మింగినట్టు వినిపించింది. నేను గుమ్మందాకా వెళ్లి నిలబడ్డాను. బాబాయిగారు నన్ను చూసి, “ఏంటమ్మాయ్, ఏమైనా కావాలా?” అన్నారు. నేను తల అడ్డంగా ఊపి ఇంజను వైపు చూశాను. ఆయన దాన్ని ఆపి, విప్పి, పెట్రోలు దారిలో ఇరుక్కున్న చెత్త తీసి నాకు చూపించారు. మర్నాటినుంచి గుమ్మం పక్కన పీట వేసి, కిరోసిన్ పోసిన ఇనప తట్ట ఇచ్చి, “పార్ట్సు కడుగు, ఖాళీగా ఉంటే విను” అన్నారు. అదే నా ఉద్యోగం.

ఫోర్‌స్ట్రోక్ అంటే ఏమిటో కూడా ఆ పీట మీదే నేర్పారు. పీలుస్తుంది, నొక్కుతుంది, పేలుతుంది, వదులుతుంది. నాలుగింటిలో పని జరిగేది ఒక్కదాంట్లోనే, మిగతా మూడూ ఆ ఒక్కదాని కోసం చేసుకునే ఏర్పాట్లు. ఆ మాట చెప్పి నన్ను ఎగాదిగా చూసి, “నువ్వూ అంతే, మూడుసార్లు ఊరుకుని ఒకసారి మాట్లాడతావు” అన్నారు. అప్పటినుంచి షెడ్డులో నా పేరు ఫోర్‌స్ట్రోకు. మా ఆయన కూడా ఇంట్లో “ఫోర్‌స్ట్రోకూ, అన్నం పెట్టు” అంటాడు. ఈ సంగతి ఇంతమందిలో చెప్పినందుకు ఇంటికెళ్లాక ఏమంటాడో చూడాలి.

ఇప్పుడు వెనక్కి నడిచే బండి సంగతి. ఆ బండి చాలామంది చూశారు, ఎలా వచ్చిందో కొంతమందికే తెలుసు. అప్పటికి మేం చేసిన వాటిలో అన్నిటికంటే అందమైన చట్రం అది. ఇంజను పెట్టి చూస్తే సైలెన్సరు నడిపేవాళ్ల కాలికి తగులుతోంది. “అటు తిప్పి పెట్టెయ్‌రా” అన్నారు బాబాయిగారు. మా ఆయన అటు తిప్పి పెట్టి, గట్టిగా వెల్డింగు చేసేశాడు. ఇంజను అటు తిరిగితే దాని ఇరుసు తిరుగుడు కూడా తారుమారవుతుందని అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. రంగు వేశారు, షావుకారు గారిని పిలిచారు, అందరూ బండి ముందు రెండు వరసలుగా దారి ఇచ్చి నిలబడ్డారు. మా ఆయన దర్జాగా ఎక్కి మొదటి గేరు వేశాడు. బండి వెనక్కి వచ్చింది.

“ఒరేయ్, గేరు చూసుకో” అన్నారు బాబాయిగారు. రెండోది వేశాడు. ఇంకా వేగంగా వెనక్కి వచ్చింది. వెనక ఉన్నది నేనూ, నా కిరోసిన్ తట్టా. నేను పీట ఎత్తుకుని పక్కకి జరిగి, “బండి ఇటు వస్తోంది” అన్నాను. షెడ్డులో అందరూ వినేలా నేనన్న మొదటి మాట అది. తట్ట మాత్రం మిగల్లేదు.

“మూడు గేర్లు వెనక్కి, ఒక్కటి ముందుకి. పీతకి పనికొస్తుంది” అన్నారు షావుకారు గారు.

“పీత పక్కకి నడుస్తుందండీ” అంది మా వదిన.

“సీటు తిప్పేస్తే పోలా?” అన్నాడు మా ఆయన, తప్పు తనది కాదన్నట్టు.

“సీటు తిప్పితే స్టీరింగు చక్రాలు నీ వీపు వెనక్కి పోతాయి. అప్పుడు నిన్ను కూడా తిప్పి వెల్డింగు చెయ్యాలి” అన్నారు బాబాయిగారు. ఆయన కోప్పడలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “తిప్పమన్నది నేను. ఉండనీ, దీనికి తగ్గ దారి ఎక్కడో ఉంటుంది” అన్నారు.

ఆ దారి మా గుమ్మం ముందే ఉంది. గోదాముకీ షెడ్డుకీ మధ్య సందులో బండి పడుతుంది కానీ తిరగదు. మామూలు బండి వెళితే అవతల తిప్పుకోలేక నలుగురు ఎత్తి పెట్టాలి. ఇదైతే షెడ్డు నుంచి ఖాళీగా, చులాగ్గా వెనక్కి వెళ్లిపోతుంది, ఇంజన్లు ఎక్కించుకుని ఆ ఒక్క బలమైన గేరులో మెల్లగా ముందుకి వస్తుంది. అప్పటినుంచి ఈరోజుదాకా షెడ్డులోకి వచ్చిన ప్రతి ఇంజనూ దాని మీదే వచ్చింది. సాయంత్రం సందులో ఎండ పసుపుగా పడ్డప్పుడు బాబాయిగారు దాని మీద మా వైపే చూస్తూ దూరం అవుతుంటే, ఆయన వెళుతున్నట్టు కాకుండా మేమే మెల్లగా నీళ్లలో తేలి వెనక్కి జరుగుతున్నట్టు ఉండేది.

వదినా, ఇక్కడ ఆగి కాసిని మంచినీళ్లు తాగు. తర్వాత మాటలు బాబాయిగారు తొందరపడకుండా చదవాలి.

ఆయన చెవులు ఎప్పుడు తగ్గాయో ఎవరూ చూసుకోలేదు. మొదట చెక్కపిడి స్క్రూడ్రైవరు ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. తర్వాత, ఎముకలోంచైనా అదురు తెలుస్తుందని పిడి దవడకి నొక్కేవారు. ఆ తర్వాత ఇంజను తిరుగుతుంటే నా పీట వైపు చూడటం మొదలుపెట్టారు. చప్పుడు బాగుంటే నేను తల ఊపేదాన్ని. బాగులేకపోతే ఎటు బాగులేదో అటు తల వాల్చేదాన్ని. ఇలా చేద్దామని మేం ఎప్పుడూ అనుకోలేదు. చూసేవాళ్లు ఈ అమ్మాయికి మెడ పట్టేసిందేమో అనుకునేవారు.

మొన్న టీ తాగుతూ ఆయనే అందరికీ చెప్పేశారు. “నా చెవులు నాకంటే ముందే రిటైరయ్యాయి, నేను వాటి వెనకాల పోతున్నాను” అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ వెంటనే, “సభ అయ్యాక మళ్లీ ఈ షెడ్డు గడప తొక్కను. ఆట రానివాణ్ని పేకముక్కల దగ్గర కూర్చోబెట్టినట్టు ఉంటుంది నాకు” అన్నారు. ఆ స్క్రూడ్రైవరు తుడిచి నా కొత్త తట్ట పక్కన పెట్టారు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

అప్పటినుంచి నాకు ఆ మధ్యాహ్నం కల రావడం లేదు. ఇంజను తిరుగుతూనే ఉంది, ఊపిరి వినపడుతూనే ఉంది, నేను మాత్రం కిటికీ దగ్గరే ఉన్నాను.

బాబాయిగారూ, మీకు ఒక విషయం తెలియాలి. గుట్టల మీద ఇళ్లకి మందులు తీసుకెళ్లే నర్సక్క, అదిగో మూడో వరసలో ఉంది, తన బండి మన దగ్గర వదిలి షెడ్డు బండి వేసుకుని తిరుగుతోంది. తన బండి ఇంజను మన బల్ల మీద ఉంది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా ఉంటుంది. వేడెక్కాక లోపల ఎక్కడో చిన్నగా, గోటితో గాజు మీద తట్టినట్టు వినపడుతుంది. ఆపితే పోతుంది. నేను తల ఎటు వాల్చాలో నాకు తెలుస్తోంది, వాల్చాను కూడా. చూసేవాళ్లే లేరు. మా ఆయన వాల్వు దగ్గర ఖాళీ ఎక్కువైందంటాడు, వదిన నాకు భ్రమ అంటుంది. వదినా, నువ్వు అన్నదే రాశాను, అలిగి మానెయ్యకుండా చదువు. నేను వింటాను, అంతవరకే. విన్నదానికి అర్థం చెప్పేది మీరు. ఆ స్క్రూడ్రైవరు నాకిచ్చారు కానీ, నేను తల వాల్చినప్పుడు అటువైపు చూసే మనిషిని మాత్రం ఇవ్వలేదు.

నర్సక్క ఆ బండి మీద పొలాల గట్లు దాటి, వాగు దాటి ఒంటరిగా వెళుతుంది. మధ్యదారిలో అది ఆగిపోకూడదు. అందుకని ఇంతమంది ముందు అడుగుతున్నాను. రేపు ఒక్కసారి రండి. పని చెయ్యొద్దు, వినొద్దు, బల్ల పక్కన కూర్చుని నా వైపు చూడండి చాలు. రేపు వస్తే ఎల్లుండి కూడా అడుగుతాను, ముందే చెబుతున్నాను.

మీకు ఏం కానుక ఇవ్వాలా అని షెడ్డు వాళ్లంతా ఆలోచించారు. శాలువా కప్పుదామన్నారు, గడియారం అన్నారు. నేను ఊరుకుని ఊరుకుని ఒక మాట చెప్పాను, ఎవరూ కాదనలేదు. వెనక్కి నడిచే బండి ఇకనుంచి మీది. షావుకారు గారు కూడా ఒప్పుకున్నారు. గోదాము సందుకి మేం ఇంకొకటి చేసుకుంటాం, ఈసారి కావాలనే తప్పు చేస్తాం. హాలు గుమ్మం ముందు పెట్టాం, ట్యాంకు నింపాం, చూడండి. మీ ఇల్లు మన సందు చివరే కదా. సభ అయ్యాక అందరం కలిసి షెడ్డు దాకా వెళదాం. అక్కడినుంచి మీరు దాని మీద ఇంటికి వెళ్లండి. వెళ్లేటప్పుడు వెనక్కే వెళతారు కాబట్టి మీ మొహం మా వైపే ఉంటుంది. మళ్లీ రావాలంటే బండి తిప్పే పని లేదు, ఆ ఒక్క ముందు గేరు వేస్తే చాలు, నెమ్మదిగా వస్తుంది. అప్పుడూ మీ మొహం మా వైపే ఉంటుంది. మీరు ఇటు వీపు పెట్టి వెళదామన్నా ఆ బండి పోనివ్వదు.

ఇంతసేపు నా మాటలు విన్న పెద్దలకి, చోటిచ్చిన హాలు వాళ్లకి, పశువుల మందలు వదిలి, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ, నా బదులు నిలబడి చదివిన మా వదినకి కృతజ్ఞతలు. మూడుసార్లు ఊరుకున్నాను, ఒకసారి మాట్లాడాను. ఇక సెలవు.

వదినా, నీ కాగితం ఇక్కడితో అయిపోయింది, కూర్చో. మిగతా నాలుగు మాటలు బాబాయిగారి కాగితంలోనే రాశాను.

బాబాయిగారూ, ఇన్ని తప్పులతో రాసిన ఈ కాగితం ఎవరి కంటా పడటం నాకు ఇష్టం లేదు. చదివాక కాల్చేయండి. అయితే మీ ఇంట్లో కాదు. షెడ్డు వెనక కిరోసిన్ గుడ్డలు కాల్చే డబ్బా ఉంది కదా, అందులో నా ఎదురుగా కాల్చాలి. రేపు పొద్దున వచ్చేటప్పుడు మర్చిపోకుండా పట్టుకురండి.