కుట్టు గదికి పోని రాహేలమ్మ గారు

1951 జూలై రెండవ తేదీన గురజాలలోని మన బాలికోన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయినిగా చేరిన శ్రీమతి రాహేలమ్మ గారు, పద్దెనిమిదేళ్ళ సేవానంతరం ఈ జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆడపిల్లలకు డ్రిల్లేమిటని ఊరు మూతి విరిచిన రోజుల్లో, వోణీలు బిగించి కట్టించి, పలనాటి ఎండలో వరుసలు తీర్చి నిలబెట్టిన ఘనత వారిది.

1957లో వారి రొమ్ములో గడ్డ లేచింది. మద్రాసులో ఒక ఆసుపత్రివారు గడ్డతోపాటు ఆ రొమ్మునూ తొలగించి, లోటు కనబడకుండా లోపల స్పాంజి ముక్క అమర్చారు. అప్పట్లో అది కొత్త వైద్యం. కొన్నేళ్ళు అంతా సవ్యంగానే సాగింది. ఆపైన స్పాంజి రాయిలా గట్టిపడింది, చర్మం ఎర్రబడి చీము కారింది, చేయి భుజం దాటి లేవడం మానుకున్నది. 1964లో మళ్ళీ మద్రాసు వెళ్ళి దానిని తీయించుకున్నారు. ఇంకొకటి అమరుస్తామన్న డాక్టరుతో, "ఒకదానికి చేసిన చాకిరి చాలయ్యా. నా ఒళ్ళు ఎట్టుందో అట్టే ఉండనీ" అన్నారట.

ఎద ఒకవైపు చదునై తిరిగి వచ్చిన రాహేలమ్మ గారిని చూచి సహోపాధ్యాయినులందరూ జాలిపడ్డారు. అదే వారు చేసిన పొరపాటు. కుట్టుపని నేర్పే నాంచారమ్మ గారు ప్రేమతో దూది మెత్త ఒకటి కుట్టి, జాకెట్టులో పెట్టుకోమని ఇచ్చారు. ప్రధానోపాధ్యాయిని జ్ఞానమ్మ గారు పిలిపించి, "డ్రిల్లు ఇంక వద్దులే రాహేలూ. చేతులెత్తావంటే ఊరంతా నీ వంకే చూస్తది. కుట్టు గదిలో కూర్చో" అన్నారు.

రాహేలమ్మ గారికి ఒళ్ళు మండిపోయింది. పిల్లల ముందు నిలబడటమే పోతే తనకిక మిగిలేదేమిటి?

"చూడనీండమ్మగారూ! ముందు ఎవరు కళ్ళు తిప్పుకుంటారో నేనూ చూస్తా. ఏం తప్పు చేశానని గదిలో దాక్కోవాల?" అని తిన్నగా మైదానానికి నడిచారు. నాంచారమ్మ గారి మెత్తకు గుడ్డపీలికలు బిగించి చుట్టి, బంతి చేసి, "పట్టండే!" అని పిల్లల మీదికి విసిరారు. నాంచారమ్మ గారు మొదట అలిగారు, ఆనక పగలబడి నవ్వారు. అటుపైన రాహేలమ్మ గారు పళ్ళు బిగబట్టి, నొప్పెట్టే చేతిని చెవిదాకా లేపారు. వరుసల్లోని పిల్లలందరూ లేపారు. ప్రహరీ మీదుగా తొంగిచూస్తున్నవారు చూచి చూచి తమ పనులకు పోయారు. జ్ఞానమ్మ గారు కుట్టు గది మాట మళ్ళీ ఎత్తలేదు.

నేటికీ మచ్చ లాగుతూనే ఉన్నది, చేయి వాస్తూనే ఉన్నది. డ్రిల్లు మాత్రం ఆగలేదు. వీడ్కోలు సభలో వేదికపై కుర్చీ వేస్తామంటే, "పిల్లలు ఎండలో, నేను నీడలోనా? ఏంది ఈ చోద్యం!" అని తోసిపుచ్చిన రాహేలమ్మ గారికి సంపూర్ణ ఆరోగ్యం కలగాలని, ఆ చేయి నిండు నూరేళ్ళూ పైకి లేస్తూనే ఉండాలని, దాచుకోమని చెప్పవచ్చేవారికి ఇకముందు కూడా వారినుండి అదే జవాబు దక్కాలని మనసారా కోరుకుంటున్నాము.