నాలుగు చోట్ల పడిన బకెట్టు

నన్ను అందరూ డబ్బా అక్క అంటారు. వయసు నలభై ఆరు. బస్టాండు వెనక వీధిలో పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో నడుపుతున్నాను. ప్రార్థన మందిరంలో వెండి గంట పోయిన కేసులో ఇది నా రెండో వాంగ్మూలం. మొదటిది మా స్టూడియో గుమ్మంలోనే నిలబడి కానిస్టేబుల్ గారు రాసుకున్నారు. అందులో నేను అబద్ధం ఒక్క ముక్క చెప్పలేదు. అయినా దాని మూలంగా మందిరంలో నేల తుడిచే పెద్దాయన నిన్నటి నుంచి ఈ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయనను నేను బాబాయ్ అంటాను. రేపు కోర్టుకు పంపిస్తారట. అందుకే ఎవరూ పిలవకపోయినా వచ్చాను.

మొదలుపెట్టే ముందు ఇన్‌స్పెక్టర్ గారి అనుమతి తీసుకుని నా డబ్బాను ఈ గదిలో బీరువా మీద పెట్టి దాని మూత తీశాను. రైటరు గారు "ఇది కూడా రాయాలా అమ్మా?" అని అడిగారు. ముందు ఇదే రాయమన్నాను.

ఈ డబ్బా చెక్కది. మీట లేదు, అద్దం లేదు. ముందు వైపు సూదితో పొడిచినంత బెజ్జం ఉంటుంది, లోపల వెనక వైపు ఫోటో కాగితం ఉంటుంది. మూత తీస్తే వెలుతురు ఆ బెజ్జంలోంచి మెల్లగా లోపలికి పోయి కాగితం మీద బొమ్మ పడుతుంది. గదుల్లో అయితే ముప్పావుగంట పడుతుంది. ఇది మా మేనత్త ఇచ్చింది. ఆవిడ కొండ మీదికి, నది ఒడ్డుకు, ఎవరి మందిరానికైనా సరే వెళ్లి డబ్బా పెట్టి, మూత తీసి, కళ్లు మూసుకుని కూర్చునేది. నేను చిన్నప్పుడు పక్కన కూర్చుని ఒంటికన్ను తెరిచి చూస్తే నెత్తిన మొట్టికాయ వేసేది. "చూసే పని డబ్బాకి అప్పజెప్పాం కదే, కాసేపు నువ్వు ఊరుకో" అనేది.

నేనూ అదే పట్టుకున్నాను. పొద్దస్తమానం స్టూడియోలో "గడ్డం పైకి, చెవులు కనపడాలి, నవ్వొద్దు" అని అరిచేదాన్ని నేను. వారానికొకసారి ఇలా కళ్లు మూసుకుని కూర్చోవడమే నాకు ప్రార్థన. వేరేది నాకు చేతకాదు. "కళ్లు మూసుకుని ఫోటోలు తీసేదానివి లోకంలో నువ్వొక్కదానివే" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

గంట పోయిన రోజు మధ్యాహ్నం మూడింటికి మందిరానికి వెళ్లాను. హాలు పొడుగ్గా ఉంటుంది. ఒక పక్కన నాలుగు కిటికీలు, ఈ చివర గుమ్మం, ఆ చివర గంట పెట్టే వేదిక. ఆ రోజు గంటను తోమడానికి దింపి పెరట్లో సామాన్ల గదిలో పెట్టారట. ఆ గది తాళంచెవి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది, ఆ సంగతి మందిరానికి వచ్చేవాళ్లందరికీ తెలుసు. మూడింటికి గంట ఉందని, నాలుగు కొట్టేలోపు లేదని కమిటీ సెక్రటరీ గారు చెబుతున్నారు. ఆ గంటసేపూ నేను హాల్లోనే ఉన్నాను. మూత తీసి గోడకు చేరబడి కళ్లు మూసుకున్నాను.

ఆ బొమ్మ బాగా వచ్చింది. సెక్రటరీ గారు ముచ్చటపడి ఒక కాపీ అడిగి తీసుకున్నారు. తర్వాత కానిస్టేబుల్ గారు వచ్చి "ఆ టైములో హాల్లో ఎవర్నైనా చూశారా?" అన్నారు. చూడలేదన్నాను. "మీ ఫోటోలో ఎవరైనా ఉన్నారా?" అన్నారు. లేరన్నాను. ఆయన రాసుకుని వెళ్లిపోయారు. నా ముందు ఒక పిల్ల పాస్‌పోర్టు ఫోటోకి కూర్చుని ఉంది, నా ధ్యాసంతా దాని చెవుల మీదే ఉంది. ఏమైనా విన్నారా అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

నేను విన్నాను. తడిగుడ్డ పిండిన చప్పుడు విన్నాను. బకెట్టు పిడి కిందపడి టంగుమనడం విన్నాను. మళ్లీ గుడ్డ పిండిన చప్పుడు. వారం వారం వింటూనే ఉన్నాను. ఆ చప్పుడు వెనక ఒక మనిషి ఉన్నాడని నాకు తట్టలేదు. అది ఆ హాలు చప్పుడే అనుకున్నాను.

నిన్న సాయంత్రం మా ఆయన వచ్చి "నీ ఫోటో చూపించి ఆ ముసలాయన్ని లోపలేశారటే" అన్నాడు. హాలు తుడుస్తున్నానని బాబాయ్ చెప్పాడట. సెక్రటరీ గారు నా బొమ్మ తెచ్చి "హాలు ఖాళీగా ఉంది చూడండి, ఈయన ఎక్కడున్నట్టు?" అన్నారట. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే అన్నం కూడా వండకుండా అసలు కాగితం తీసి భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను.

సెక్రటరీ గారికిచ్చింది నేను కత్తిరించిన బొమ్మ. గుమ్మం వైపు అంచు తీసేశాను. అక్కడ చెప్పులున్నాయి. పవిత్రమైన చోట చెప్పులేమిటి, బొమ్మ పాడవుతుందని నేనే కత్తెర వేశాను. అసలు కాగితంలో అవి స్పష్టంగా ఉన్నాయి. ఒకటి నల్లది, ఒకటి తెల్లది.

తర్వాత కిటికీల కింద చూశాను. మొదటి కిటికీ కింద పలచగా, పొగలాగా ఒక బకెట్టు ఉంది. దానిలోంచి నేల కూడా కనబడుతోంది. రెండో కిటికీ కింద అదే బకెట్టు. మూడో దాని కింద, నాలుగో దాని కింద కూడా. బొమ్మ తీసిన రోజు వాటిని కాగితం మీద మరకలనుకున్నాను. ఒకే బకెట్టు నాలుగు చోట్ల ఎందుకు పడుతుంది? ఒక్కో చోట కాసేపు ఆగితేనే పడుతుంది. అది ఆ ముప్పావుగంటలో హాలు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. బకెట్టుకు కాళ్లు లేవు కదా సార్.

దాన్ని జరిపిన మనిషి బొమ్మలో లేడు. కదిలే మనిషి ఈ డబ్బాకి అందడు. చెయ్యి ఆడుతూ, నడుము వంగుతూ లేస్తూ ఉంటే కాగితం మీద నిలవడు. ఈ సంగతి నాకు తెలియంది కాదు. కానీ ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. ఇక నిద్ర పట్టక మా గోడ మీద బొమ్మలన్నీ దింపాను. ఖాళీ మందిరాలు, ఖాళీ మెట్లు, ఖాళీ నది ఒడ్డు. ఒకదాంట్లో మెట్టు మీద గొడుగు ఉంది. ఇంకోదాంట్లో ఎవరిదో చేతికర్ర గోడకు ఆనించి ఉంది. ఒక చోట బల్ల మీద రెండు మోకాళ్లు మాత్రం ఉన్నాయి. ఇన్నేళ్లూ దేవుడొక్కడే ఉన్న చోట్లు తీశాననుకున్నాను. ఎంత జనం ఉన్నారో! నాకు ఏడుపు వచ్చింది, మళ్లీ ఇంకెవరెవరున్నారో చూద్దామని ఆత్రం కూడా వచ్చింది.

ఈ మాట చెబితే ఇన్‌స్పెక్టర్ గారు "గదిలో తిరిగే మనిషి ఫోటోలో మాయమైపోతాడా? చెవిలో పువ్వు పెట్టకండి మేడమ్" అన్నారు. అందుకే డబ్బా మూత తీశాను. ఆయన కుదురుగా కూర్చునే రకం కాదు. నేను చెబుతున్నంతసేపూ కిటికీకి, తలుపుకు మధ్య తిరుగుతూనే ఉన్నారు. ఇప్పుడూ తిరుగుతున్నారు. బాబాయ్ బెంచీ మీద కదలకుండా ఉన్నాడు. రైటరు గారు రాస్తున్నారు.

ఇక్కడ మూత వేశాను.

కానిస్టేబుల్ గారిని వెంటబెట్టుకుని స్టూడియోకి వెళ్లి, కాగితం కడిగి, బొమ్మ తీసి తడి ఆరకముందే తెచ్చాను. మిగతాది తిరిగొచ్చాక చెబుతున్నాను.

బొమ్మను ఇన్‌స్పెక్టర్ గారి బల్ల మీద పెట్టాను. బెంచీ ఉంది. బెంచీ మీద బాబాయ్ ఉన్నాడు, చొక్కా గుండీతో సహా. రైటరు గారి మొహం ఉంది, రాసే చెయ్యి మాత్రం లేదు. బల్ల మీద ఇన్‌స్పెక్టర్ గారి టోపీ ఉంది, టీ గ్లాసు ఉంది. కిటికీకి, తలుపుకు మధ్య ఎవరూ లేరు.

"నేనెక్కడ?" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

"మీరు అసలు స్టేషన్‌కే రాలేదు సార్" అన్నాను. రైటరు గారు దగ్గినట్టు చేసి నవ్వు దాచుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ గారు బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెనకా ముందూ తిప్పి చూశారు. తర్వాత బయటికి వెళ్లారు. స్టేషన్ గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు రెండు వేళ్లతో పట్టుకుని తెచ్చి మందిరం బొమ్మ పక్కన పెట్టారు. ఒకటి నల్లది, ఒకటి తెల్లది.

"ఇదేంటయ్యా, జత కుదరలేదా?" అని అడిగారు.

"కుడిది తెగిపోయింది సారూ, ఎడమది బాగానే ఉందని ఉంచుకున్నాను" అన్నాడు బాబాయ్. తర్వాత లేచి వచ్చి బల్ల మీద బొమ్మలో తనను తాను చాలాసేపు చూసుకున్నాడు. "ఏమ్మా, ఊరికే కూర్చుంటేనే పడతానా ఇందులో?" అని నన్ను అడిగాడు.

గంట ఎవరు తీశారో నాకు తెలియదు. బాబాయ్ మొహం ఆ రోజు నేను చూడలేదన్నది ఇప్పటికీ నిజమే. ఆ ముప్పావుగంటా హాల్లో నేల తుడుస్తున్న చప్పుడు విన్నానని, బకెట్టు నాలుగు చోట్ల పడిందని, ఆ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయని చెబుతున్నాను. కత్తిరించిన అంచును కూడా దీనికి జతపరుస్తున్నాను. రాసింది నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతం లేకుండా, కళ్లు తెరుచుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) డబ్బా అక్క

పై వాంగ్మూలం మొదటి నుంచి చివరి వరకు నా ఎదుటే నమోదైంది. జతపరిచిన స్టేషన్ ఫోటోలో కనిపించకపోయినా నేను ఆ గదిలోనే ఉన్నాను, నా పని చేసుకుంటున్నాను. బెంచీ మీద ఉన్న వ్యక్తిని ఇంటికి పంపడమైనది.

(సంతకం) ఇన్‌స్పెక్టర్